మద్దిచెట్టు కింద ఏడు రాళ్లు

శనివారం పొద్దున భీమ్లా బండి తీస్తూ కూతురికి ఒక్క మాట అప్పజెప్పాడు.

"టెంటుకొచ్చేటోళ్లు రాంగనే చెప్పు. మద్దిచెట్టు దిక్కు పుట్టలున్నయి, పాములు తిరుగుతయి, అటు పోవద్దని. గంతే. ఇంకేం చెప్పే పనిలేదు."

అఖిల తలూపింది.

"తలూపుడు కాదే. నోటితోని చెప్పాలె."

"చెప్త బా," అంది. తండా మాటలో తండ్రి బా, తల్లి యాడి.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు ఆమె గొంతు బాగానే ఉంటుంది. కొత్త మనిషి ఎదురుగా నిలబడితేనే అది ఎక్కడికో పోతుంది. కొత్తగూడలో పదో తరగతి దాకా హాజరు పిలిచినప్పుడు చెయ్యెత్తిందే తప్ప ఏనాడూ పలకలేదు. సార్లే అలవాటు పడిపోయారు.

భీమ్లా పాలూ కోడీ తేవడానికి కొత్తగూడకు పోయాడు. అఖిల వాగు ఒడ్డున ఒక్కతే మిగిలింది.

తండా వాగుకు అవతల ఉంది. ఇవతల, అడవి మధ్యలో, వాగు వంపు తిరిగే చోట భీమ్లాకు పట్టా వచ్చిన పోడు చేను ఉంది. చేను దాటితే అంతా వెదురు, టేకు, పేర్లు లేని తీగలు. నడి మధ్యాహ్నం కూడా నేల మీద ఎండ చిల్లర చిల్లరగానే పడుతుంది. నిరుడు చలికాలం వరంగల్ నుంచి బైకుల మీద వచ్చిన పిల్లలు ఒడ్డు మీద టెంట్లు వేసుకుని రెండు రోజులున్నారు. పోయేటప్పుడు, "అన్నా, గింత మంచి జాగ ఊకెనే పెట్టుకున్నవేంది?" అన్నారు. ఆ మాట పట్టుకుని భీమ్లా రెండు టెంట్లు కొన్నాడు. ఫోను పని అఖిలది. వచ్చేవాళ్లు తొవ్వ అడిగితే, చలి ఎంత ఉంటుందని అడిగితే, ఆమె ఎంత పొడుగైనా రాసి పంపుతుంది. రాయడంలో ఆమెకు ఏ ఇబ్బందీ లేదు.

మద్దిచెట్టు కింద పాములు లేవు. అక్కడ ఏడు రాళ్లున్నాయి. ఆ రాళ్ల కింద అఖిల అక్క సరోజ ఉంది.

అయిదేళ్ల కిందట, వానకాలంలో చేనుకాడి గుడిసెలో ఉన్నప్పుడు సరోజకు జ్వరం వచ్చింది. దవాఖానకు పోవాలంటే వాగు దాటాలి. వాగు మూడు రోజులు దాటనివ్వలేదు. నాలుగో రోజు నీళ్లు మోకాళ్ల దాకా తగ్గాయి గాని, అప్పటికి తీసుకుపోవాల్సిన పిల్లే బతికి లేదు. ఆమెకు పదిహేడేళ్లు. తండాలో పెండ్లయినవాళ్లను కాలుస్తారు, పెండ్లికానివాళ్లను పూడుస్తారు. పేరు రాయడం, గోరి కట్టడం ఏమీ ఉండదు. అఖిల అప్పుడు అవతల తండాలో ఉంది. చిన్నపిల్లవని చాలా ఏళ్లు ఆమెను అక్కడికి తీసుకుపోలేదు. ఆ రాళ్లను మొదటిసారి చూసింది నిరుడే.

టెంట్ల సంగతి చెప్పినప్పుడు తల్లి చంద్రి ఒక్కటే అడిగింది. "మద్దిచెట్టు దిక్కు ఎవ్వరు పోవద్దు. పోనియ్యనంటేనే పెట్టు."

"పోనియ్య," అన్నాడు భీమ్లా. వచ్చినవాళ్లకు అక్కడ చచ్చినవాళ్లున్నారని చెబితే మళ్లీ ఎవరూ రారు. అందుకని పాముల మాట పుట్టించాడు. ఇప్పటిదాకా అది బాగానే పనిచేసింది.

చంద్రి ఏడాదికి ఒక్కసారే వాగు దాటి వస్తుంది. వాన వెళ్లిపోయి, నీళ్లు తేటపడి, కొత్త జొన్నలు ఇంటికి వచ్చాక, మొదటి రొట్టెలు చేసి పెద్దబిడ్డకు తెస్తుంది. ఈసారి సోమవారం వస్తానంది. అంటే ఎల్లుండి.

పది దాటాక అవతలి ఒడ్డున కారు ఆగింది. ముగ్గురు దిగారు. జనగామలో మోటారు వైండింగ్ దుకాణం నడిపే కైసర్, అతని భార్య ఫరహత్, ఆరేళ్ల కూతురు జైనబ్. కైసర్ ప్యాంటు మడిచి, బిడ్డను భుజాల మీద ఎక్కించుకుని నీళ్లలోకి దిగాడు. ఫరహత్ చెప్పులు చేతిలో పట్టుకుని, "అల్లా, గింత సల్లగున్నయేంది!" అని కేకలు పెడుతూ, నవ్వుతూ దాటింది.

"నువ్వేనా అఖిల?" అన్నాడు కైసర్.

అఖిల తలూపింది.

"ఫోన్ల గంత గంత పొడుగు మెసేజులు పెడితివి. గిక్కడికొచ్చేసరికి రీఛార్జ్ అయిపోయిందా?"

"పిల్లను సతాయించకు జీ," అని ఫరహత్ మొగుణ్ని కసిరింది. జైనబ్ మాత్రం అఖిల ముఖంలోకి ముఖం పెట్టి చూసి, "అమ్మీ, ఈ అక్కకు మాటలు రావా?" అంది. అఖిలకు చెవులు వేడెక్కాయి.

భీమ్లా వెదురు పొద పక్కన ఒక టెంటు వేసి, దాని ముందు ఇటుకలతో పొయ్యి కట్టి పోయాడు. కైసర్ దాని చుట్టూ ఓసారి తిరిగి చూశాడు. తర్వాత వంపు దాకా నడిచి పోయి, అక్కడినుంచే అరిచాడు.

"ఫరహత్! ఇటు రా జర. చెట్టు సూడు ఎట్లున్నదో. కిందనే నీళ్లు. టెంటు గిక్కడ ఎయ్యాలె గాని, ఆ పొద కాడనా?"

ఆ చెట్టు మద్దిచెట్టు.

అఖిల వాళ్ల వెనకాల గబగబా నడిచింది. చెప్పాల్సింది ఒక్క మాట. పొద్దుటినుంచి లోపల్లోపల ఎన్నిసార్లో అనుకుంది. దగ్గరికి వెళ్లి నిలబడింది.

"అక్కడ..." అంది.

కైసర్ తిరిగి చూశాడు. "ఆఁ, చెప్పు చెప్పు. అక్కడ?"

ఫరహత్ చూసింది. జైనబ్ కూడా, ఇదుగో మాటలొచ్చాయన్నట్టు నోరు తెరుచుకుని చూసింది. ముగ్గురి కళ్లూ మీద పడేసరికి మాట గొంతులోనే ఉండిపోయింది.

"ఏం లేదు," అంది అఖిల.

"ఏం లేదంటే మంచిదే," అన్నాడు కైసర్. పోయి టెంటు పీకి తెచ్చాడు.

మద్దిచెట్టు కింద నేల ఇసుక. మేకులు దిగాయి గాని నిలవలేదు. తాడు లాగితే ఊడి వచ్చాయి. కైసర్ నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశాడు. రాళ్లు కనబడ్డాయి. నున్నగా, గుమ్మడికాయంతేసి, ఎవరో ఏరి పెట్టినట్టు ఒకే చోట ఉన్నాయి.

"ఇవి పెట్టిపోయినోడెవడో గాని మంచోడు," అని ఒకదాన్ని ఎత్తాడు.

అఖిల చూస్తూనే ఉంది. ఒక్కో మూలకు ఒక్కోటి, నాలుగు రాళ్లు తాళ్ల మీద పెట్టాడు. మిగిలిన మూడూ ఫరహత్ దొర్లించుకుపోయి టెంటు ముందు పొయ్యి పెట్టింది. రాళ్లు లేచిన చోట ఇసుక మీది పల్చని గడ్డి మధ్యలో తెల్లని మచ్చలు మిగిలాయి. వాటి మీదనే టెంటు పరిచారు. పదినిమిషాలు పట్టిందేమో. ఆ పదినిమిషాల్లో ఏ క్షణమైనా అఖిల వాళ్ల చెయ్యి పట్టుకుని ఆపొచ్చు. మాట అక్కర్లేదు, రాయి మీద కూర్చున్నా చాలు. ఆమె కూర్చోలేదు.

మధ్యాహ్నం అఖిల చేను గట్టు మీదికి పోయి ఫోను తీసింది. వాగు కాడ సిగ్నల్ ఉండదు. అయినా రాసింది. "అక్కా, ఆ రాళ్లు మా అక్కవి. మా అక్కను అక్కడ పెట్టినం. మీరు తప్పు చెయ్యలేదు, నేనే చెప్పలేదు. దయచేసి టెంటు జరపండి." రెండుసార్లు చదివి ఒక అక్షరం దిద్దింది. పంపడానికి వీలులేకపోతే ఏం, ఫోను చేతికిచ్చి చూపిస్తే చాలు. ఆ ధైర్యంతో లేచింది.

ఆమె వచ్చేసరికి ఫరహత్ పొయ్యి ముందు కూర్చుని ఉల్లిగడ్డ కోస్తోంది. కైసర్ బిడ్డను వాగులో ఆడిస్తున్నాడు. రాళ్ల మీద గిన్నె ఉంది, కింద మంట ఉంది. రాళ్లు లోపలి వైపు అప్పుడే నల్లబడ్డాయి.

"రా బేటా, కూసో," అంది ఫరహత్. "మా ఇంటాయనకు గిసుంటి జాగలంటే పిచ్చి. నాకేమో మా అమ్మ యాదికొస్తది. మా అమ్మకు నీళ్లంటే శానా ఇష్టముండె."

అఖిల ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది.

"మూడేండ్లాయె పోయి. మా ఆడోళ్లం కబ్రస్తాన్ లోపటికి పోము. నేను గోడకాడ నిలబడి చూసేదాన్ని. యాపచెట్టు పక్కపొంటి మా అమ్మ గోరి. కనబడేది. నిరుడు గోడ ఎత్తు లేపిండ్రు. మంచికే లేపిండ్రులే, కుక్కలు జొరబడుతున్నయని. ఇప్పుడు పోయినా గోడనే కనబడతది." ఆమె ఉల్లిగడ్డ పట్టుకున్న చేతి మణికట్టుతో కళ్లు తుడుచుకుంది. "ఉల్లిగడ్డ మంచి ఘాటున్నది," అని నవ్వింది. "నీ చేతిలోదేంది? ఏమన్న చూపియ్యాల్నా?"

అఖిల తెర వైపు చూసింది. ఇప్పుడు ఇది చూపిస్తే ఈమెకు ఏమవుతుంది? గోరి మీది రాళ్లు తెచ్చి పొయ్యి పెట్టుకున్నానని తెలిస్తే ఈమె ఈ అన్నం ముట్టదు. బహుశా ఇంకెన్నాళ్లో ముట్టలేకపోవచ్చు. పొద్దున చెప్పి ఉంటే అయిపోయేది. ఇప్పుడు చెప్పడం వేరే సంగతి.

ఒక్కో అక్షరం చెరిపేసి ఫోను మూసింది. "ఏం లేదక్కా," అంది. ఈసారి మాట బయటికి తేలిగ్గానే వచ్చింది.

పొద్దు గుంకేముందు భీమ్లా వచ్చాడు. పాల డబ్బా, కోడీ దించి మద్దిచెట్టు వైపు చూశాడు. టెంటు చూశాడు, మూలల మీది రాళ్లు చూశాడు, పొయ్యి చూశాడు. అఖిల ఎదురుగా వచ్చి నిలబడింది. ఇప్పుడు కేకలేస్తాడు, నన్ను కొడతాడు, కొడితే బాగుండు అనుకుంది.

"ఆవో భీమ్లా అన్నా!" అన్నాడు కైసర్. "జాగ మార్చినం. ఏమనుకోవద్దు."

భీమ్లా టెంటు మీంచి చూపు తిప్పుకున్నాడు. "ఏడైతేంది సారు, నిద్ర పడితే సాలు," అన్నాడు. పోయి ఆ పొయ్యి ముందే గొంతుకూర్చుని చేతులు కాచుకున్నాడు. ఫరహత్ పళ్లెంలో అన్నం పెట్టి ఇస్తే మొత్తం తిన్నాడు. "కోడికూర మస్తుగున్నదమ్మా," అన్నాడు కూడా.

అఖిల తినలేదు. కడుపునొస్తుందని చెప్పి, వాగు దాటి తండాకు పోయింది. ఇంటి ముందు చంద్రి చాట ముందు పెట్టుకుని కొత్త జొన్నలు చెరుగుతోంది. "మన జాగ మంచిగున్నదా?" అని అడిగింది. మన జాగ అంటే టెంట్లు కాదని అఖిలకు తెలుసు. తలూపింది. తలూపడం కూడా అబద్ధమే అవుతుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం కైసర్ వాళ్లు పోయారు. జైనబ్ అవతలి ఒడ్డు నుంచి చెయ్యి ఊపుతూనే ఉంది. కారు మలుపు తిరగగానే అఖిల రాళ్లను ఒక్కోటీ పొట్టకు ఆనించుకుని వాగులోకి మోసింది. నాలుగు శుభ్రంగానే ఉన్నాయి. మూడింటికి మసి. ఇసుక వేసి తోమింది, కొబ్బరిపీచు పెట్టి తోమింది. వేళ్లు ఎర్రబడ్డాయి గాని రాయిలోకి దిగిన నలుపు పోలేదు. ఒకటైతే మంటకు పగిలి, అంచున పెచ్చు లేచిపోయింది.

అంతకన్నా పెద్ద కష్టం వేరే ఉంది. తెల్లని మచ్చలు ఇప్పుడు లేవు. ఆ కాస్త గడ్డీ నలిగిపోయి, ముగ్గురు మనుషులు తొక్కి, పడుకుని, ఊడ్చి పోయిన ఇసుక అంతా ఒక్కలాగే ఉంది. ఏ రాయి ఎక్కడుండేదో ఆమెకు తెలియలేదు. ఒక చోట పెట్టింది, కాదనిపించి తీసింది, రెండడుగులు జరిపింది. అక్క మీద నిలబడి ఉన్నానేమో అన్న భయంతో ఒంటికాలి మీద పక్కకు గెంతింది. చివరికి రాయిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది.

భీమ్లా టెంటు మడుస్తున్నవాడు వచ్చి నిలబడ్డాడు.

"ఏడవకే. ఎక్కడన్న పెట్టు."

"ఎక్కడన్న ఎట్ల పెడత?" ఆమెకు కోపం వచ్చింది. "నువ్వు చూసినవ్. చూసి గూడ ఆ పొయ్యి మీది అన్నం తిన్నవ్. అక్క మీద పండుకున్నరు బా వాళ్లు!"

"పండుకోలే."

"నేను చూసిన."

"అక్క గిక్కడ లేదు."

భీమ్లా చెట్టు మొదట్లో కూర్చున్నాడు. కూతురి వైపు కాకుండా నీళ్ల వైపు చూస్తూ చెప్పాడు. రెండేళ్ల కిందట వానకాలం వాగు ఒడ్డు తెగి పారింది గదా. నీళ్లు తీసినంక అందరికంటే ముందు తానే వచ్చి చూశాడు. సరోజను పెట్టింది ఇక్కడ కాదు, అదిగో, ఇప్పుడు నీళ్లు పారుతున్న ఆ లోతు మడుగు కాడ. అప్పుడది ఒడ్డు. నాలుగు బారల ఒడ్డు మొత్తం కోసుకుపోయింది. రాళ్లు లేవు, మట్టి లేదు, ఏమీ లేదు. వాగు పొంటి దిగువకు రెండు రోజులు నడిచాడు. ఏం వెతుకుతున్నాడో తనకే తెలియదు. ఏమీ దొరకలేదు.

"మీ యాడి ఎట్ల బతకాలె?" అన్నాడు. "గందుకని వాగుల నుంచి ఏడు రాళ్లు ఏరుకొచ్చి ఈ చెట్టుకింద పెట్టిన. జాగ అదే, ఒడ్డు తెగినందుకు చెట్టు దగ్గరికొచ్చినట్టు కనబడుతున్నదని చెప్పిన. నమ్మింది."

"నువ్వు మరి పాములున్నయని..."

"అబద్ధమైనా గది మీ యాడి కూసునే జాగ. ఎవల్ని తొక్కనియ్యొద్దనుకున్న. నిన్న చూడంగనే పానం జల్లుమన్నది. మళ్లనుకున్న, కింద ఎవలున్నరని కొట్లాడాలె? ఆ అమ్మ ప్రేమతోని అన్నం పెట్టింది, తిన్న."

ఆయన లేచి ఆమె ఒళ్లోని రాయి తీసుకున్నాడు. నల్లని వైపు కిందికి తిప్పి ఇసుకలో పెట్టాడు. మిగిలినవీ అలాగే పెట్టాడు. ఆయనకు కొలతలు చూసుకునే పనిలేకపోయింది.

"నువ్వు గీ ముచ్చట ఎవలికి చెప్పవని నాకు ఎరుకే," అన్నాడు పోతూ. మెచ్చుకున్నట్టే అన్నాడు. అఖిలకు మాత్రం గుండె మీద ఎనిమిదో రాయి పెట్టినట్టయింది.

సోమవారం మంచు విడవకముందే చంద్రి వాగు దాటింది. నెత్తి మీద గుడ్డలో కట్టిన రొట్టెలు. భీమ్లా ముందు, అఖిల వెనక. మద్దిచెట్టు కిందికి రాగానే చంద్రి రాళ్ల ముందు చతికిలబడి, పొద్దుటినుంచి ఎదురుచూస్తున్న బిడ్డతో మాట్లాడినట్టు మాట్లాడింది. ఈ ఏడు జొన్న ఎంత పండిందో, ఎర్రావు ఈనిందో లేదో, అవ్వకు మోకాళ్లు ఎట్ల పట్టేశాయో అన్నీ చెప్పింది. భీమ్లా తల దించుకుని నిలబడ్డాడు.

మాటల మధ్యలో చంద్రి రాయిని నిమిరింది. చెయ్యి ఆగింది. పెచ్చు లేచిన అంచు తగిలింది. రాయిని తిప్పింది. నలుపు. రెండోది తిప్పింది, మూడోది తిప్పింది.

"ఎవలు జరిపిండ్రు వీటిని?"

"పశులోళ్లు మంట పెట్టుకున్నట్టున్నరు," అన్నాడు భీమ్లా.

చంద్రి మొగుడి వైపు చూడలేదు. "నిన్ను అడుగలే. నువ్వు ఏదో ఒకటి చెప్తవు." అఖిల వైపు తిరిగింది. "ఇది చెప్పాలె. ఇదైతే ఉత్తమాట మాట్లాడది. చెప్పు బిడ్డా, ఎవలు?"

"టెంటోళ్లు," అంది అఖిల. "నేను చూసిన యాడీ. తీసుకపోతుంటే చూసుకుంట నిలబడ్డ. వద్దనలే. నాకు నోరు రాలే."

చంద్రి తిట్టలేదు. చేతిలోని రాయిని కొంగుతో తుడిచింది, పోదని తెలిసి కూడా మళ్లీ తుడిచింది.

"పోనీ. రాళ్లదేమున్నది, రాళ్లు మళ్ల దొరుకుతయి," అంది చివరికి. "నాకు జాగ కావాలె. నా బిడ్డ ఏడున్నదో నాకు ఎరుకుండాలె. తీసినోళ్లు తీసిండ్రు, మళ్ల పెట్టింది ఎవలు?"

"నేనూ బా కలిసి పెట్టినం."

"సరిగ్గ గిక్కడనేనా? గిదేనా జాగ?"

భీమ్లా తలెత్తాడు. అఖిల ఆయన వైపు చూడలేదు. తల్లి ముఖమే చూసింది. ఆ ముఖంలో ఏడుపు లేదు, ఆరాటం ఉంది. దవాఖానలో చీటీ చేతికిచ్చి డాక్టరు ముఖం చూసేవాళ్ల ముఖంలా ఉంది. చెట్టు వెనక మడుగు నిండుగా, ఆకుపచ్చగా, కదలకుండా ఉంది.

"గిదే యాడీ," అంది అఖిల. గొంతు వణకలేదు. "నాకు మంచిగ యాదికున్నది. గిదే."

చంద్రి ఊపిరి వదిలింది. భుజాలు దిగాయి. రొట్టె తుంచి రాళ్ల ముందు పెట్టింది. తర్వాత ఏదో తోచినట్టు మొగుడితో అంది, "ఇట్ల ఇడిసిపెడితే మళ్ల ఎవడో ఒకడు ఎత్తుకపోతడు. గద్దె కట్టు. సిమెంటు తెచ్చి, మనిషి పొడుగు, మోకాలెత్తు. ఇగ ఎవ్వడు కదపడు."

"కడతలే," అన్నాడు భీమ్లా.

"ఎప్పుడో కాదు, ఈ నెలనే. ఇప్పుడే గుర్తులు పెడత." ఆమె లేచి కొంగు దోపుకుంది. రాళ్లను పక్కకు జరిపింది. ఇసుకను అరచేత్తో సదును చేసి, కూతురి చెయ్యి పట్టుకుంది. "నువ్వు పండు గిక్కడ. అక్క సరిగ్గ గింతే ఉండె. ఇప్పుడు నువ్వు దాని ఎత్తుకొచ్చినవ్."

అఖిల తండ్రి వైపు చూసింది. ఆయన నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె చెప్పులు విడిచి పడుకుంది. ఇసుక చల్లగా ఉంది. వీపు కింద ఎక్కడో ఒక మేకు గుచ్చుకుంటోంది, కైసర్ వాళ్లు మరిచిపోయింది. కదిలితే కొలత తప్పుతుందని కదలలేదు. పైన మద్దికొమ్మల సందుల్లోంచి మంచు బొట్లు బొట్లుగా ముఖం మీద పడుతోంది.

"కాళ్లు సక్కగ చాపు," అంది చంద్రి. చాపింది. చంద్రి ఒక రాయి తెచ్చి తల దగ్గర పెట్టింది. ఇంకొకటి తెచ్చి పాదాలకు ఆనించింది. అది నల్లనిది. మడమలకు చల్లగా తగిలింది.

"గింతే ఉండె," అంటోంది చంద్రి, మోకాళ్ల మీద వంగి, ఇంకో రాయి కోసం చెయ్యి చాపుతూ. "సరిగ్గ గింతే ఉండె నా బిడ్డ. లేవకు బిడ్డా, జర సేపు అట్లనే ఉండు."